రెండో కుర్చీ

నా ఊపిరితిత్తుల్లో సిమెంటు దుమ్ము పేరుకుందని పెద్ద డాక్టరుగారు చెప్పిన రోజున మా ఆవిడ, "పేరుకోదా మరి! లోకంలో గోడలన్నిటికీ పూసి, మిగిలింది తనే మింగాడు" అంది. పెద్ద డాక్టరుగారు నవ్వారు. నవ్వితే దగ్గు వస్తుందని నేను నవ్వలేదు.

నేను తాపీ మేస్త్రీని. గోడలకు పూత వెయ్యడం నా పని. పనివాళ్లు నన్ను మూగమేస్త్రీ అనేవాళ్లు. మూగవాణ్ణి కాను. మాటలతో నాకు పెద్దగా పని పడలేదు, అంతే. మా ఆవిడ నా వాటా కూడా కలిపి మాట్లాడుతుంది. అందుకే ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లినా ఆమె తోడు రావాల్సిందే.

ఆస్పత్రి పెద్దదేం కాదు. మా వీధి చివర రెండంతస్తుల భవనం. కింద మందుల గది, పైన డాక్టర్ల గదులు. జ్వరం వచ్చినా, నడుము పట్టేసినా, పసిపిల్లలకు సూది వేయించాలన్నా, ముసలాళ్లకు నిద్ర పట్టకపోయినా చుట్టుపక్కల అందరూ అక్కడికే వెళ్తారు. కుటుంబ వైద్యం అంటారట దాన్ని. పెద్ద డాక్టరుగారి దగ్గర ఆ పని నేర్చుకోవడానికి చిన్న డాక్టర్లు వస్తుంటారు. వాళ్లంతా డాక్టరు చదువు ముగించుకుని వచ్చినవాళ్లే. అయినా ఇంకా నేర్చుకుంటారు. డాక్టరయ్యాక ఇంకా నేర్చుకోవడమేమిటని నాకు ఆశ్చర్యం వేసింది. మా పనిలో ఒకసారి మేస్త్రీ అనిపించుకున్నవాడు మళ్లీ ఎవరి దగ్గరా తల వంచడు.

నన్ను చూసే చిన్న డాక్టరమ్మ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తెల్లకోటు జేబు మీద ఎప్పుడూ ఒక సిరా మరక. ఆమె గదిలో బల్ల పక్కన రెండు కుర్చీలుండేవి. బల్లకు దగ్గరగా ఉన్నది రోగికి. గోడవారగా, కాస్త వెనక్కి ఉన్నది వెంట వచ్చినవాళ్లకి. మొదటి కుర్చీలో నేను, రెండో దాంట్లో మా ఆవిడ.

"ఎలా ఉన్నారు తాతగారూ? మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా?"

నేను నోరు తెరిచేలోపే జవాబు వెనక నుంచి వచ్చేసేది.

"మధ్యలో ఒకసారి ఆగుతున్నాడమ్మా. ఇదివరకు మెట్టుకో దండం పెట్టేవాడు. దగ్గుంది గానీ తక్కువే. పీల్చే మందు పొద్దున మర్చిపోతాడు, నేనే గుర్తుచేస్తా."

"నిజమేనా తాతగారూ?"

నేను తల ఊపాను.

"ఆయన తల ఊపాడంటే సంతకం పెట్టినట్టే" అంది మా ఆవిడ. "పెళ్లిచూపుల్లోనూ అంతే. పిల్ల నచ్చిందా అని మా నాన్న అడిగితే ఇలాగే ఊపాడు. ఆ తర్వాత ఇదిగో, ఇవాళ్టిదాకా రెండో మాట లేదు."

డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేది. మా ఆవిడ సంచిలోంచి సీసా తీసి గటగటా నీళ్లు తాగేది. "ఇద్దరి మాటలూ నేనొక్కదాన్నే మాట్లాడాలి, గొంతు ఎండిపోదూ?" అనేది. మేమంతా మళ్లీ నవ్వేవాళ్లం.

పీల్చే మందు నాకు మొదట్లో పట్టుబడలేదు. డబ్బా నొక్కడం, ఊపిరి పీల్చడం రెండూ ఒకేసారి జరగాలి. నేను నొక్కేసరికి ఊపిరి అయిపోయేది. డాక్టరమ్మ విసుక్కోలేదు. డబ్బాకి ఒక ప్లాస్టిక్ గొట్టం తగిలించి, నా పక్కన వచ్చి నిలబడి, నాతోపాటు తనూ ఊపిరి తీసి చూపించింది. అలా చాలాసార్లు. ఒకరోజు మందు సరిగ్గా లోపలికి పోయింది. ఆ పూట మెట్లు దిగుతుంటే గాలి లోపలికి వెళ్తున్నట్టు తెలిసింది. నాలో గాలికి అంత చోటుందని అదే మొదటిసారి తెలియడం. వీధిలోకి వచ్చి ఊరికే నిలబడి ఊపిరి పీలుస్తుంటే మా ఆవిడ, "పద, అందరి గాలీ నువ్వే లాగేసేలా ఉన్నావు" అంది.

ఆ తర్వాత వెళ్లినప్పుడు డాక్టరమ్మ బల్ల మీద దిండంత లావు ఫైలు ఒకటి కనబడింది. మా ఆవిడ ఊరుకోదు కదా.

"ఏమిటమ్మా అది? ఎవరి జబ్బు అంత లావుంది?"

"నా జబ్బే అమ్మమ్మా" అని నవ్వింది డాక్టరమ్మ. "దీన్ని పోర్ట్‌ఫోలియో అంటారు. నేను చూసిన మనుషుల గురించి, చేసిన వైద్యం గురించి, దాంట్లో నేనేం నేర్చుకున్నానో నేనే రాయాలి. పేర్లు ఉండవు. చివర్లో బయటి నుంచి డాక్టర్లు వస్తారు. ఇదంతా చదివి, నన్ను కూర్చోబెట్టి అడుగుతారు. ఒంటరిగా వైద్యం చేయడానికి పనికొస్తానో లేదో అప్పుడు తేలుస్తారు."

"పరీక్ష రాయవా మరి?"

"అదీ ఉంది. కానీ నాకు దీనికే భయం."

"నీ గురించి నువ్వే రాసుకోవడానికి భయమేమిటే పిల్లా! అన్నీ మంచివే రాసెయ్. చూసొచ్చిందెవరు?"

"అందుకే భయం" అంది డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, నేను పీల్చే మందు నేర్చుకున్న సంగతి అందులో రాసుకోవచ్చా అని అడిగింది. రోగి ఒప్పుకుంటేనే రాయాలట. తల ఊపాను. కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుంది. నా గురించి ఒకరు కూర్చుని రాస్తారన్న మాటకే నేను లోలోపల పొంగిపోయాను. కట్టిన ఇళ్ల మీద కూడా ఎక్కడా నా పేరు లేదు.

అలా రోజులు గడుస్తుండగా ఒక మండుటెండ పూట ఎప్పటిలాగే వెళ్లాం. పొద్దుటి నుంచీ మా ఆవిడ మగతగా ఉంది. ఇంట్లో ఉండమంటే వినలేదు. నన్ను ఒంటరిగా పంపితే డాక్టరమ్మ గోడతో మాట్లాడుకోవాల్సి వస్తుందంది.

"ఎలా ఉన్నారు తాతగారూ?" అంది డాక్టరమ్మ.

నేను వెనక నుంచి జవాబు కోసం ఆగాను. డాక్టరమ్మ కూడా ఆగింది. జవాబు రాలేదు. ఇద్దరం ఒకేసారి రెండో కుర్చీ వైపు తిరిగాం.

మా ఆవిడ తల గోడకి ఆనుకుని ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పెదాలు ఎండి తెల్లగా అట్టలు కట్టాయి. "ఏమే" అన్నాను. పలకలేదు.

డాక్టరమ్మ కుర్చీ తన్నుకుని లేచింది. "సిస్టర్!" అని ఆమె వేసిన కేకకు కింద మందుల గదిలోంచి కూడా మనుషులు పరుగెత్తుకొచ్చారు. సిస్టరమ్మ మా ఆవిడ వేలికి సూది గుచ్చి, నెత్తుటి చుక్క ఒక చిన్న మిషన్‌కి తాకించింది.

"ఎంతుంది?"

"అంకె చూపించట్లేదు డాక్టర్. దాని కొలత దాటిపోయింది."

షుగరు. మా ఆవిడకి షుగరుందని ఎవరికీ తెలియదు. ఆమెకీ తెలియదు. ఉంగరం జారిపోతుంటే, వయసు మీద పడి చిక్కిపోతున్నాననుకుని దానికి దారం చుట్టుకుంది.

డాక్టరమ్మ మా ఆవిడ చేతికి సూది ఎక్కించి, సెలైన్ సీసా నా చేతికిచ్చి ఎత్తి పట్టుకోమంది. పట్టుకున్నాను. ఆమె చేతులు చకచకా కదులుతున్నాయి. ముఖంలో నెత్తురు లేదు.

"ఎన్నాళ్ల నుంచి తాతగారూ? ఇలా నీళ్లు తాగడం?"

"చాలా రోజులైంది."

ఆమె చేతులు ఆగాయి. ఒక్క క్షణమే. "నేను చూస్తూనే ఉన్నాను" అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు. మళ్లీ చేతులు కదిలాయి. అంబులెన్స్ వచ్చాక తనూ ఎక్కి, పెద్ద ఆస్పత్రిదాకా మా ఆవిడ మణికట్టు వదల్లేదు.

అక్కడ నేను చూసినదాన్ని ఎలా చెప్పాలో తెలియదు. నీళ్లలా కనబడే మందు, గొట్టంలోంచి బొట్టు బొట్టుగా దిగింది. అంతే. కోతల్లేవు, కుట్లు లేవు. ఎంత పిలిచినా పలకని చోటికి వెళ్లిపోయిన మనిషి, ఆ బొట్లు పట్టుకుని మెల్లగా వెనక్కి నడిచొచ్చింది. మొదట కనురెప్పలు కదిలాయి. తర్వాత వేళ్లు. ఆ తర్వాత కళ్లు తెరిచి నన్ను చూసి, "ఇంటికి తాళం వేశావా?" అంది. తల ఊపాను. "నోటితో చెప్పు" అంది. "వేశాను" అన్నాను. మంచం చివర నిలబడ్డ చిన్న డాక్టరమ్మ గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

మా ఆవిడ ఇల్లు చేరి కోలుకున్నాక, ఒక సాయంత్రం డాక్టరమ్మా సిస్టరమ్మా మా ఇంటికి వచ్చారు. సిస్టరమ్మ రక్తం పరీక్ష చేసి, బాగుందంది. డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని సంచిలోంచి ఆ లావు ఫైలు తీసింది.

"అమ్మమ్మా, తాతగారూ, మీకొకటి చూపించాలి. తాతగారి గురించి అప్పట్లో రాశానని చెప్పాను కదా. ఇదిగో, ఈ వాక్యం వినండి. 'రోగి మితభాషి. ఆయన భార్య మధ్యమధ్యలో నీళ్లు తాగుతూ వివరాలన్నీ చక్కగా చెప్పారు.'" ఆమె వేలు ఆ అక్షరాల మీదే ఉంది. "నా చేత్తో నేనే రాశాను. రాసి కూడా చూడలేదు. ఈ పేజీ చాలా బాగుందని పెద్ద డాక్టరుగారు మెచ్చుకున్నారు కూడా. దీని పక్కన ఇంకో పేజీ పెట్టాలనుకుంటున్నాను. ఆ రోజు జరిగింది, నేను చూడనిది. మీరిద్దరూ ఒప్పుకుంటేనే."

"రాసుకో తల్లీ" అంది మా ఆవిడ. "నా దాహం గురించి డాక్టర్లు చదువుతారంటే నాకంటే గొప్పదెవరు? పేరు కూడా పెట్టు."

"పేరు పెట్టకూడదు అమ్మమ్మా."

"అయ్యో, అదొక్కటే లోటు."

డాక్టరమ్మ నా వైపు చూసింది.

"వద్దు" అన్నాను.

ముగ్గురూ నన్నే చూశారు. ఎందుకని డాక్టరమ్మ అడగలేదు. "సరే తాతగారూ, మీ ఇష్టం" అని ఫైలు మూసి సంచిలో పెట్టుకుంది. సిస్టరమ్మ మాత్రం నన్ను కొరికి తినేసేలా చూస్తూ మెట్లు దిగింది.

"నీకేమైనా మతి పోయిందా?" అంది మా ఆవిడ, వాళ్లు వీధి మలుపు తిరగ్గానే.

"పిల్లని ఫెయిల్ చేస్తారు."

"అదీ నిజమేననుకో. మరి ఆ ముక్క ఆ పిల్లతో అనొచ్చుగా?"

తప్పు బయటపడితే తరిమేయడమే మా పనిలో నేను చూసింది. ఒకసారి ఒక భవనంలో, నా పక్క గోడ పూసిన మేస్త్రీ పని లోపల డొల్లగా ఉందని తట్టి చూసి కనిపెట్టాడు కాంట్రాక్టరు. అందరి ముందూ అతని తాపీ, బద్ద, గమేళా, పనిముట్లన్నీ రోడ్డు మీద పారేశాడు. ఆ మనిషి వంగి ఒక్కొక్కటీ ఏరుకోవడం నేను చూశాను. పగులుంటే పైన ఇంకో పూత వేస్తాం. ఎవరి పగులు వాళ్లే చూపించరు. ఆ పిల్ల తన తప్పును తనే రాసి, తనను తూకం వేసేవాళ్ల చేతిలో పెడతానంటే నా ఒప్పుదలతో ఎలా పెట్టనిస్తాను? ఆమెను కాపాడానని లోలోపల సంతోషపడ్డాను కూడా.

ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. మా ఆవిడ రక్తం పరీక్షకని వెళ్లినప్పుడు సిస్టరమ్మ మమ్మల్ని తెర వెనక్కి పిలిచింది.

"పెద్దాయనా, మీ పుణ్యమా అని మా పిల్ల మునిగిపోయేలా ఉంది."

"ఏమైందే?" అంది మా ఆవిడ.

"ఏముందక్కా! బయటి డాక్టర్లు ఎల్లుండే వస్తున్నారు. పెద్ద డాక్టరుగారు ఫైలంతా చదివి, 'ఆ రోజుది ఏదీ?' అని అడిగారు. మీరు ఒప్పుకోలేదు కాబట్టి పెట్టలేదంది. 'అయితే నేనేం చెయ్యలేను. దీంట్లో ఒక్కచోటా నువ్వు తడబడింది లేదు. వాళ్లు దీన్ని నమ్మరు' అన్నారు. వేరే ఏదైనా చిన్న పొరపాటు వెతికి రాయరాదా అని నేనే చెప్పాను. వింటేనా! నాకు నేర్పింది అదైతే ఇంకోటి రాయడం నాటకం అవుతుందంటుంది. పోయినసారి ఒకతను అన్నీ మంచివే రాసుకున్నాడు. తన తప్పు తనకు కనబడనివాణ్ణి ఒంటరిగా రోగుల మీదికి వదలలేమని, ఇంకో ఏడాది చెయ్యమన్నారు. ఎక్కడికో పంపేశారు."

తప్పు రాస్తే పోతుందనుకున్నాను. రాయకపోతే పోతుందట. ఇదెక్కడి చదువు?

దారిలో మా ఆవిడ నన్ను వదల్లేదు. "నోరు తెరవని మహానుభావుడివి, ఒక్కసారి తెరిచావు. తెరిచి ఒక్క మాట అన్నావు. దాంతో పిల్ల కొంప ముంచావు. ఇంక రేపు నువ్వే వెళ్లి తేల్చుకో. వద్దన్నది నువ్వు, నేను రాను."

మర్నాడు ఒక్కణ్ణే వెళ్లాను. మెట్ల మధ్యలో ఆగాను. ఆయాసానికి కాదు. డాక్టరమ్మ నన్ను చూసి లేచి, నా వెనక గుమ్మం వైపు చూసింది.

"అమ్మమ్మ బాగానే ఉన్నారా?"

"బాగుంది. నేనే వచ్చాను." కూర్చున్నాను. "రాయండి" అన్నాను.

"ఏమిటి తాతగారూ?"

"ఆ రోజుది."

ఆమె పెన్ను కింద పెట్టింది. "సిస్టర్ ఏమైనా అన్నారా?"

తల ఊపాను.

"ఆవిడ అనకుండా ఉండాల్సింది. తాతగారూ, నా కోసం ఒప్పుకోవద్దు. అది చదివి ఈ అమ్మాయి పనికిరాదు అనొచ్చు కూడా. రాస్తే గట్టెక్కుతానని ఎవరూ చెప్పలేరు. మీకు ఇష్టం లేకపోతే లేనట్టే. మీ వైద్యంలో ఏ తేడా రాదు."

నేను విస్తుపోయాను. మునిగేవాళ్లకి కర్ర అందిస్తే, ఇది మీకు అవసరమేమో చూసుకోండి అంటున్నట్టుంది.

"మరి ఎందుకు రాయడం?" అన్నాను.

ఆమె ఫైలు మీద చెయ్యి వేసింది. "రాయకపోతే మళ్లీ చేస్తాను" అంది.

అప్పుడు చెప్పాను. నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి చాలా ఏళ్లయింది. "మా పనిలో గోడ పగిలితే పైన పూసేస్తాం. మీకూ అలాగే పూసేద్దామనుకున్నాను. ఆ చదివేవాళ్లు మీ సామాను రోడ్డు మీద పారేస్తారనుకున్నాను. అందుకని వద్దన్నాను. మీ మీద కోపంతో కాదు. మా ఆవిడ సంగతి నలుగురికీ తెలియడం నాకు సిగ్గూ కాదు. రాయండి."

డాక్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే కోటు చేతితో ముక్కు తుడుచుకుంది. "నేను మీకు కోపం వచ్చిందనే అనుకున్నాను. వస్తే న్యాయమే కదా అనుకున్నాను."

"చదవండి" అన్నాను. "ముందు నేను వింటాను."

ఆమె సొరుగులోంచి కాగితాలు తీసింది. తన కోసం ముందే రాసుకుందట, ఫైల్లో మాత్రం పెట్టలేదు. చదివింది.

'నా గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో కూర్చున్న మనిషి ఊపిరి చప్పుడు నాకు కంఠతా వచ్చు. రెండోదాంట్లో కూర్చున్న మనిషి నా కళ్లముందే ఎండిపోయింది. ఆమె దాహాన్ని నేను నవ్వులాటగా విన్నాను. ఆమె నా రోగి కాదనుకున్నాను. కానీ ఆమె చెప్పిన మాటల మీదే నేను ఆయనకు వైద్యం చేశాను. ఆమె కళ్లు, ఆమె చెవులు, ఆమె జ్ఞాపకం వాడుకున్నాను. ఆమెను మాత్రం ఒక్కసారి కూడా, మీరెలా ఉన్నారని అడగలేదు. ఆ రోజు ఆమె బతకడం నా గొప్ప కాదు. ఆమె మా గదిలో ఉండగా పడిపోవడం అదృష్టం. ఇంట్లో పడిపోయి ఉంటే, ఆయన పిలుపు ఎవరికి వినబడేది?'

ఇంకా ఉంది. షుగరు గురించి తర్వాత తను ఏమేం చదివిందో, ఎవరిని అడిగిందో ఉంది. అవన్నీ నాకు అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. తప్పును ఎక్కడా ఎవరి మీదికీ తొయ్యలేదు. రద్దీ అనలేదు, ఎండ అనలేదు, ఆవిడే చెప్పలేదు కదా అనలేదు. నిజానికి మా ఆవిడ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ మాట ఆ కాగితాల్లో లేదు.

సంతకం పెట్టాను.

పరీక్ష రోజున మా ఇద్దర్నీ రమ్మన్నారు. అవసరమైతే రోగినో ఇంటివాళ్లనో పిలిచి అడుగుతారట. పిలుపు వచ్చేసరికి మా ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. "నువ్వే పో. అడిగినదానికి నోటితో చెప్పు. తల ఊపి ఊరుకున్నావో, ఇంట్లో నీకు నీళ్లు కూడా పుట్టవు."

లోపల పొడుగు బల్ల. ఒక పక్క బయటి నుంచి వచ్చిన ఇద్దరు. జుట్టంతా నెరిసిన పెద్దావిడ ఒకరు, కళ్లద్దాలు మెడలో వేలాడేసుకున్న లావుపాటాయన ఒకరు. పెద్ద డాక్టరుగారు కిటికీ దగ్గర వేరుగా కూర్చున్నారు. తన శిష్యురాలు కాబట్టి ఆయన మాట్లాడకూడదట. బల్లకి ఇవతల చిన్న డాక్టరమ్మ. ఫైలు మధ్యలో తెరిచి ఉంది. నన్ను ఒక పక్కన కూర్చోబెట్టారు.

"ఈయన వింటూ ఉండటం మీకు ఇబ్బందా?" అని లావుపాటాయన డాక్టరమ్మని అడిగాడు.

"లేదు సార్. ఈయన వినాలి."

"సరే. ఆవిడ నీళ్ల సీసా మొదట ఎప్పుడు చూశారు?"

"మొదటిసారి వచ్చినప్పుడే."

"ఆ తర్వాత?"

"ప్రతిసారీ."

"దాహం, బరువు తగ్గడం. వైద్యం చదివే ఎవరికైనా తెలిసిన పాఠం. ఎందుకు అడగలేదు?"

ఇదే, ఇప్పుడు పారేస్తారు అనుకున్నాను. డాక్టరమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. ఎవరూ తొందర పెట్టలేదు. వాళ్లు ఆగిన తీరు చూసి నాకు ఆశ్చర్యం వేసింది. పగులు చుట్టూ కూర్చుని, అది ఎంత లోతుకి పోయిందోనని చూస్తున్నట్టు ఆగారు.

"ఆవిడ మాటలంటే నాకు ఇష్టం సార్" అంది డాక్టరమ్మ. "ఆవిడ వస్తే గది తేలికయ్యేది. పొద్దుటి నుంచీ ఏడ్చేవాళ్లనీ మూలిగేవాళ్లనీ చూసి చూసి ఉంటాను కదా. ఆవిడ వస్తే నేను విశ్రాంతి తీసుకునేదాన్ని. నవ్వించే మనిషికి జబ్బుంటుందని తోచలేదు."

లావుపాటాయన ఏదో రాసుకున్నాడు. నెరిసిన జుట్టావిడ అడిగింది.

"ఇప్పుడేం చేస్తున్నావమ్మా?"

"ఎంతమంది వస్తే అంతమందినీ ముందు నిలబడి చూస్తున్నానండీ. వెంట వచ్చినవాళ్లని కూడా ఒక్క ప్రశ్న అడుగుతున్నాను, వాళ్ల గురించే. మొన్న ఒకామె పిల్లాడి దగ్గు చూపించడానికి వచ్చింది. మీరెలా ఉన్నారంటే, గది దద్దరిల్లేలా ఏడ్చింది. ఆమెకీ ఇప్పుడు వైద్యం జరుగుతోంది."

"అది చాలా మంచి విషయం. ఫైల్లో కనబడలేదే?"

"అడిగానండీ. ఆమె ఇంకా ఒప్పుకోలేదు. ఇప్పుడు కూడా ఇంతకంటే చెప్పలేను."

లావుపాటాయన పెన్ను ఆగింది. తలెత్తి ఆమెను చూశాడు. మెడలోని కళ్లద్దాలు తీసి పెట్టుకుని మళ్లీ చూశాడు.

అప్పుడు నెరిసిన జుట్టావిడ నా వైపు తిరిగింది. "మీరు మొదట వద్దన్నారని ఈ అమ్మాయి రాసింది. ఎందుకో చెప్పడానికి ఇష్టమేనా?"

మా ఆవిడ మాట గుర్తుకొచ్చి నోటితోనే చెప్పాను. "భయమేసిందమ్మా."

"దేనికి?"

"ఇది చూసి మీరు ఈ పిల్లని తరిమేస్తారని. మీ అంత పెద్దవాళ్లు ఇలాంటి తప్పు ఎందుకు చేసి ఉంటారు? మీకు కోపం వస్తుందనుకున్నాను."

ఆవిడ నవ్వలేదు. "నేను రాసుకున్న తప్పు ఇంతకంటే పెద్దది" అంది. "ఈ అమ్మాయి వయసులోనే. కడుపునొప్పి అంటూ వచ్చిన మనిషిని అజీర్తి అని ఇంటికి పంపాను. ఆయన మళ్లీ రాలేదు, పోయాడని తర్వాత తెలిసింది. కొత్తగా చేరిన డాక్టర్లకి ఏటా ఆ పేజీ నేనే చదివి వినిపిస్తాను."

ఏ పూటకి ఏ మాత్ర వేసుకోవాలో చెప్పినట్టు మామూలుగా చెప్పింది. గొంతు తగ్గలేదు, పెరగలేదు. నేను లావుపాటాయన వైపు చూశాను. ఆయన తన అరచేతిలోకి చూసుకుంటున్నాడు. కిటికీ దగ్గర పెద్ద డాక్టరుగారి వైపు చూశాను. ఆయన మెల్లగా తల ఊపారు, నేను ఊపినట్టే.

అందరి దగ్గరా తాము కనిపెట్టలేకపోయిన మనిషి ఒక్కొక్కడు ఉన్నాడు. అంత చదువు చదివినవాళ్లు, అందరి దండాలూ అందుకునేవాళ్లు, ఆ మనిషిని పాతిపెట్టలేదు. పూత వెయ్యలేదు. వెంట పెట్టుకుని తిరుగుతున్నారు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకునే మా నాడి పడుతున్నారు. ఇన్నేళ్లూ వాళ్ల చేతుల్లో నా చెయ్యి పెట్టాను. ఆ చేతుల్లో ఏముందో ఇప్పటిదాకా నాకు తెలియదు.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"కూర్చోండి పెద్దాయనా" అంది ఆవిడ.

"ఉండనివ్వండమ్మా" అన్నాను. "నిలబడతాను."

తర్వాత మమ్మల్ని బయటికి పంపి, కాసేపటికి డాక్టరమ్మ ఒక్కదాన్నే పిలిచారు. ఆమె తిరిగి వచ్చేసరికి హాల్లో సిస్టరమ్మ, మందుల గది మనిషి, మా ఆవిడ ఒకరి మీద ఒకరు పడేలా నిలబడ్డారు.

"ఇచ్చేశారు" అంది డాక్టరమ్మ. "ఇకనుంచి ఒంటరిగా చూడొచ్చన్నారు. ఆ పేజీ కొత్తవాళ్లకి చదివి వినిపించమన్నారు. మీరిద్దరూ ఒప్పుకుంటేనే."

"ఒప్పుకోక చస్తామా!" అని మా ఆవిడ ఆమెను గట్టిగా కావలించుకుంది. సిరా మరక ఈమె భుజానికీ అంటింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. "వినిపించండి" అన్నాను, గట్టిగానే.

ఇంటికి నడుస్తుంటే మా ఆవిడ ఊరుకోలేదు. "లోపల అంతసేపు ఉన్నావు. ఏమన్నారు? ఏమడిగారు? గుండ్రాయిలా ఉండక చెప్పవయ్యా."

నేను మొదలుపెట్టాను. చెప్పుకుంటూ వచ్చాను. నెరిసిన జుట్టావిడ మాట దగ్గరికి వచ్చేసరికి ఒక అరుగు పక్కన ఆగాను.

"ఆ కడుపునొప్పి మనిషి ఎవరంట?" అంది మా ఆవిడ నెమ్మదిగా.

"చెప్పలేదు. పేరు చెప్పకూడదుగా."

"ఇంట్లోవాళ్లు ఉన్నారో లేదో. ఉన్నా ఇంతకాలం ఎక్కడ తలుచుకుంటారులే."

"ఆవిడ తలుచుకుంటోంది" అన్నాను. "ఏటా."

మా ఆవిడ అరుగు మీద కూర్చుని, పక్కన నాకు చోటిచ్చింది. చీకటి పడేదాకా మేమిద్దరం అక్కడే, ఆ తెలియని మనిషి గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం.